రేవులో పడవను ఆపేదెవరు?

కార్తీక మాసం సమీపిస్తున్నదంటే మన శాఖా కార్యాలయాలలోను, రైల్వే ఇన్‌స్టిట్యూట్లలోను, తపాలా ఉద్యోగుల వినోద సంఘాలలోను ఒక సందడి మొదలవుతుంది. ఈసారి వనభోజనాలు ఎక్కడ, ఎన్ని కుటుంబాలు వస్తాయి, తలకు ఎంత వేసుకోవాలి అన్న చర్చ సాగుతుంది. పాపికొండలని ఒకరంటారు, భవానీ ద్వీపమని మరొకరంటారు, సాగర్ నుంచి లాంచీలో నాగార్జునకొండకు పోదామని ఇంకొకరంటారు. పాసుల మీద, ఎల్.టి.సి. మీద దూరప్రయాణం పెట్టుకున్నవారు కేరళలోని వెంబనాడు సరస్సుకో, శ్రీనగర్‌లోని దాల్ సరస్సుకో పోతారు. దాల్ సరస్సులో 2011 నుంచి తేలియాడే తపాలా కార్యాలయమొకటి ఉన్నది. తపాలా సోదరులు అక్కడ ఒక కార్డయినా వ్రాయకుండా తిరిగి రారు.

ఉద్యోగస్తులకు ఈ నౌకావిహారాలెందుకు, ఇది వట్టి విలాసం కాదా అని పెదవి విరిచేవారితో మేము ఏకీభవించము. రాత్రి డ్యూటీలు చేసే లోకో పైలట్లకు, ఉత్తరాలు వేరుచేసే ఆర్.ఎం.ఎస్. సార్టర్లకు ఒక పగలంతా భార్యాబిడ్డలతో నీటి గాలి పీల్చుకునే అవకాశం ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది? తీరిక అనేది ఎవరో దయతో ఇచ్చినది కాదు. 1974 మే నెలలో జరిగిన రైల్వే సమ్మెలో ముందుకు వచ్చిన కోర్కెలలో ఎనిమిది గంటల పనిదినం ఒకటి. అంత పోరాడి తెచ్చుకున్న తీరికను గడపడానికి వెళ్ళిన కుటుంబం ఇంటికి తిరిగి రాకపోతే, అది ఆ కుటుంబానికి మాత్రమే సంబంధించిన దుఃఖంగా భావించి ఊరుకోవడానికి వీలులేదు. సంఘం పట్టించుకోవలసిన విషయమది.

2019 సెప్టెంబరు 15, ఆదివారం నాడు గండి పోశమ్మ గుడి వద్ద నుంచి పాపికొండలకు బయలుదేరిన "రాయల్ వశిష్ఠ" అనే ప్రైవేటు పడవ అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలంలోని కచ్చులూరు వద్ద మునిగిపోయింది. సిబ్బందితో కలిపి అందులో 77 మంది ఉన్నారు. ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. ఆ కొద్దిమందినైనా గట్టుకు చేర్చినవారు చుట్టుపక్కల పల్లెల ప్రజలు. తమ నాటుపడవలు వేసుకొని వచ్చి, చేతికందినవారిని లాగి పడవలలో వేసుకున్నారు. మునిగిన పడవను నదీగర్భం నుంచి బయటకు తీసేసరికి అక్టోబరు 22వ తేదీ అయింది.

ఆ ప్రమాదం గురించి చాలా చెప్పుకున్నారు, చాలా వ్రాశారు. కాని తగినంత శ్రద్ధ పొందని అంశమొకటి ఉన్నదని మా అభిప్రాయం. ఆనాడు గోదావరిలో ప్రవాహం 5 లక్షల క్యూసెక్కులకు పైబడి ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు జారీ చేస్తారు. ఆ మట్టానికి చేరేనాటికి నదిలో దాదాపు 10 లక్షల క్యూసెక్కులు పారుతూ ఉంటాయి. అంటే పడవ మునిగిన నాటి ప్రవాహం మొదటి హెచ్చరికకు కావలసినదానిలో సుమారు సగం మాత్రమే. ఈ హెచ్చరికలు ఎవరిని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించినవి? గట్లను, లంక గ్రామాలను, పంటపొలాలను దృష్టిలో పెట్టుకొని. కొండల మధ్య ఇరుకుగా, మలుపులు తిరుగుతూ పారే చోట డెబ్బై ఎనభై మందిని ఎక్కించుకొని ఎదురీదే పడవకు అపాయం అంతకు ఎంతో ముందే పొంచి ఉంటుంది. "ఇంకా మొదటి హెచ్చరికైనా రాలేదు కదా" అని రేవులో ఎవరైనా మనకు ధైర్యం చెబితే, ఆ ధైర్యానికి అర్థం లేదని మన పాఠకులు గ్రహించాలి.

అది ఆకస్మికంగా వచ్చిపడిన విపత్తు కూడా కాదు. అంతకు ఇరవై రెండు నెలల ముందు, 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, భవానీ ద్వీపం నుంచి ఇబ్రహీంపట్నం వద్ద పవిత్ర సంగమానికి బయలుదేరిన ప్రైవేటు పడవ కృష్ణా నదిలో తిరగబడి 22 మంది మరణించారు. వారిలో అధికులు ఒంగోలు నుంచి బృందంగా వచ్చినవారు. మనలాగే చందాలు వేసుకొని, మనలాగే హారతి వేళకు అందుకోవాలనుకొని వచ్చినవారు. 2018 మే 11న దేవీపట్నం ప్రాంతంలో గోదావరి మీద వంద మందికి పైగా విహారయాత్రికులున్న పడవకు నిప్పంటుకున్నది. అదృష్టవశాత్తు అందరూ బయటపడ్డారు. మరి నాలుగు రోజులకే, మే 15న, అదే మండలంలో మంటూరు వద్ద ఈదురుగాలికి లాంచీ మునిగి పలువురు గిరిజనులు ప్రాణాలు కోల్పోయారు. వారు విహారానికి వెళ్ళినవారు కారు, ఇళ్ళకు పోతున్నవారు. వాన జల్లు లోపలికి కొడుతున్నదని తలుపులు, కిటికీలు మూసుకున్నందున మునిగిన లాంచీలో నుంచి బయటకు రాలేకపోయారు.

ఇతర రాష్ట్రాల చరిత్ర ఇంతకంటె మెరుగైనది కాదు. కేరళలోని తానూరు వద్ద 2023 మే 7 సాయంత్రం చీకటి పడుతున్న వేళ మునిగిన పడవలో 22 మంది మరణించారు, వారిలో పిల్లలే ఎక్కువ. అది చేపల వేటకు కట్టిన పడవ. దానినే విహార నౌకగా మార్చారు. గుజరాత్‌లోని వడోదరలో 2024 జనవరి 18న హర్ణీ చెరువులో విహారానికి వచ్చిన 12 మంది బడిపిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు చనిపోయారు. అది మహానది కాదు, ఊరి మధ్యనున్న చెరువు. పొరుగున బంగ్లాదేశ్‌లో 2022 సెప్టెంబరు 25న, మహాలయ నాడు, కరతోయా నదిపై గుడికి వెళుతున్న భక్తుల పడవ మునిగి అరవై మందికి పైగా మరణించారు. పండుగ నాడు రేవులో జనం కిక్కిరిసి ఉండటం, వచ్చినవారినందరినీ ఎక్కించుకోవడం సరిహద్దుకు ఇటూ అటూ ఒకే తీరుగా ఉన్నాయి.

ఈ సంఘటనలన్నిటి మీద వెలువడిన వార్తలు చదివినప్పుడు రైల్వే ఉద్యోగికి ఒక సందేహం కలగక మానదు. పడవ బయలుదేరరాదు అని చెప్పే అధికారం ఆ రేవులో ఎవరికి ఉన్నది?

ఒక పాసింజరు బండి ప్లాట్‌ఫారం వదలాలంటే ఎంత తతంగమున్నదో మనకు తెలుసు. క్యారేజి సిబ్బంది బ్రేకు పవర్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ముందు స్టేషను నుంచి లైన్ క్లియర్ రావాలి. సిగ్నలు పడాలి. గార్డు (2022 నుంచి ఆయన హోదా పేరు ట్రైన్ మేనేజర్) సంకేతమివ్వాలి. వీరిలో ఏ ఒక్కరు కాదన్నా బండి కదలదు. అంతేకాదు, దారిలో పట్టా విరిగిందని చూసిన ట్రాక్‌మన్ ఎర్రజెండా ఎత్తితే రాజధాని ఎక్స్‌ప్రెస్ అయినా ఆగి తీరవలసిందే. ఆపినందుకు ఆ ట్రాక్‌మన్ జీతంలో కోత పడదు. రామేశ్వరం పోయే పాత పంబన్ వంతెన మీద గాలి వేగం గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నలు తనంతట తానే ఎర్రగా మారే ఏర్పాటుండేది. ప్రయాణికులు ఎంత తొందరపడినా, అధికారి ఎవరైనా ఫోను చేసినా గాలి తగ్గేదాకా బండి కదిలేది కాదు. మన శాఖలో అంతా సవ్యంగా ఉన్నదని చెప్పడానికి ఇదంతా వ్రాయడం లేదు. బండ్లు సమయానికి నడపాలన్న ఒత్తిడి, ఖాళీల భర్తీ లేకపోవడం, విశ్రాంతి లేని డ్యూటీలు మనలను ఎలా పీడిస్తున్నాయో ఈ పత్రిక ప్రతి సంచికలోను చెబుతూనే ఉన్నది. అయినా ఆపే హక్కు అనేది మన నియమావళిలో వ్రాసి ఉన్నది. దానిని అడ్డం పెట్టుకొని నిలబడగలుగుతున్నాము.

పడవ రేవులో సరంగుకు అటువంటి అండ ఏదీ లేదు. చాలా చోట్ల అతనికి నెలజీతం ఉండదు, నడిపిన రోజుకే కూలి. వరద వస్తే కూలి లేదు, గాలి వీస్తే కూలి లేదు, ప్రయాణం రద్దయితే కూలి లేదు. కార్తీకంలోను, సంక్రాంతిలోను, వేసవి సెలవులలోను సంపాదించుకున్నదే ఏడాదంతా తినాలి. యజమాని టిక్కెట్లు అమ్మేశాడు, బస్సులో వచ్చిన బృందం భోజనాల గిన్నెలతో సహా పడవ ఎక్కి కూర్చున్నది. అప్పుడు సరంగు నీటి రంగు చూసి, మలుపు దగ్గర సుడి తలచుకొని, "ఈ పూట వద్దండీ" అనగలడా? అంటే రేపటి నుంచి అతని చోట మరొకడుంటాడు. ఆ మరొకడికి నది ఇతనికి తెలిసినంత తెలియదు. ప్రమాదం తరువాత మాత్రం మొట్టమొదట నిందపడేది సరంగు మీదనే. చాలాసార్లు ఆ నిందకు బదులు చెప్పడానికి అతను బ్రతికి ఉండడు కూడా.

పడవ కార్మికులు మనకు పరాయివారేమీ కారు. మన వర్క్‌షాపులలో తరతరాలుగా వాడిన "కళాసీ" అన్న మాట ఓడల మీద నుంచి దిగి వచ్చినదే. గంగానది మీద పాట్నా వద్ద మహాత్మాగాంధీ సేతువు 1982లో ప్రారంభం కావడానికి ముందు మహేంద్రు ఘాట్, పహ్లేజా ఘాట్‌ల మధ్య ఈశాన్య రైల్వే స్టీమర్లు నడిపేది. ఆ స్టీమర్ల సిబ్బంది రైల్వే కార్మికులే. ఇక తపాలా సంచి భుజాన వేసుకొని, రేవు దాటి, లంకలకు ఉత్తరాలు చేర్చిన గ్రామీణ తపాలా సేవకులకు పడవవాడి చేతి గడ ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

కనుక పడవ ప్రయాణంలో క్షేమమన్నది లైఫ్ జాకెట్లతో ఆరంభం కాదు. ఆపిన మనిషికి ఆ రోజు కూలి దక్కడంతో ఆరంభమవుతుంది. వాతావరణం వల్ల ప్రయాణం రద్దయినప్పుడు సిబ్బందికి పూర్తి వేతనం చెల్లించాలన్న షరతును పడవల అనుమతి పత్రంలోనే చేర్చాలని ప్రభుత్వాలను కోరవలసి ఉన్నది.

రెండవ విషయం తనిఖీ. పడవలు నడిపించి ఆదాయం పొందే శాఖే వాటి యోగ్యతను నిర్ణయించడం, లేక యజమానులతో నిత్యం వ్యవహరించే స్థానిక అధికారికే ఆ పని అప్పగించడం మన దేశంలో సర్వసాధారణం. రైల్వేలో ఈ చిక్కును పూర్వమే గుర్తించారు. బండ్లు నడిపేవారి చేతిలోనే భద్రతా తనిఖీ ఉండరాదని, 1941 మే నెలలో రైల్వే ఇన్‌స్పెక్టర్లను రైల్వే బోర్డు అదుపు నుంచి తప్పించి నాటి తపాలా, విమాన శాఖ కింద ఉంచారు. (రైలు భద్రతను తపాలా శాఖ నీడన ఉంచిన ఆ రోజులు ఈ రెండు శాఖల సోదరులకూ ముచ్చట కలిగిస్తాయి.) ఆ వ్యవస్థకే 1961లో రైల్వే సేఫ్టీ కమిషన్ అని పేరు పెట్టారు. నేటికీ అది రైల్వే మంత్రిత్వశాఖలో కాక పౌరవిమానయాన మంత్రిత్వశాఖలో ఉన్నది. సరస్సులలోను, నదులలోను నడిచే పడవలకు ఇటువంటి స్వతంత్ర తనిఖీదారు లేడు.

ప్రభుత్వ సంస్థ నడిపితే చాలు, అంతా క్షేమమే అని మనలో కొందరు మిత్రులు వాదిస్తారు. ప్రభుత్వ రంగాన్ని కాపాడుకోవడంలో ఈ పత్రిక ఎవరికీ తీసిపోదు. కాని వాస్తవాలను దాచడం వల్ల ప్రభుత్వ రంగానికి మేలు జరగదు. 2002 జూలై 27న కుమరకం వద్ద మునిగి 29 మందిని బలిగొన్నది కేరళ ప్రభుత్వ జలరవాణా శాఖ పడవ. ఆ ప్రయాణికులలో చాలామంది పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష వ్రాయడానికి బయలుదేరిన నిరుద్యోగులు. 2009 సెప్టెంబరు 30న తేక్కడిలో మునిగి 45 మంది మరణానికి కారణమైన "జలకన్యక" ఆ రాష్ట్ర పర్యాటక అభివృద్ధి సంస్థదే. ఎవరి సొత్తయినా తనిఖీ చేసేవాడు వేరుగా ఉండవలసిందే.

చట్టం లేదని అనడానికి వీలులేదు. 1917 నాటి దేశీయ నౌకల చట్టాన్ని తొలగించి 2021లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 2022లో అది అమలులోకి వచ్చింది. యంత్రంతో నడిచే ప్రతి పడవకు రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్, సిబ్బందికి యోగ్యతాపత్రం, బీమా ఉండాలని ఆ చట్టం చెబుతున్నది. యంత్రం లేని పడవల నమోదును స్థానిక సంస్థల పరిధిలోకి తెచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పడవల భద్రత మీద మార్గదర్శకాలను 2017లోనే ప్రకటించింది. కచ్చులూరు తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పడవలపై నిఘాకు తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములను ప్రకటించింది. ఇన్ని ఉన్నా తానూరు, వడోదర ఘోరాలు కొత్త చట్టం అమలులోకి వచ్చిన తరువాతనే జరిగాయి. కాబట్టి సర్వే సర్టిఫికెట్ చూపమని అడిగే అలవాటు ప్రయాణికులలో రావాలి. అడిగితే చిన్నబుచ్చుకునే యజమాని పడవ ఎక్కకుండా ఉండటమే మంచిది.

పడవ ఎందుకు తిరగబడుతుందన్న సంగతి చాలామందికి సరిగా తెలియదు. ఎక్కువమంది ఎక్కితే బరువుకు మునుగుతుందని అనుకుంటారు. నిజానికి బరువెంత అన్నదానికంటె ఆ బరువు ఎక్కడున్నది అన్నదే ముఖ్యం. బరువు కింద ఉన్నంతకాలం పడవ ఒక పక్కకు ఒరిగినా నీటి ఊపు దానిని తిరిగి నిలబెడుతుంది. జనం పై అంతస్తుకు చేరిన కొద్దీ గరిమనాభి పైకి పోతుంది, తిరిగి నిలబడే శక్తి తగ్గుతుంది. అప్పుడు అందరూ ఒకేసారి ఒక పక్కకు జరిగితే చాలు. తేక్కడిలో జరిగినది ఇదే. ఒడ్డున అడవి జంతువులు కనిపించాయని జనం ఒక్కసారిగా ఒక వైపుకు చేరారు. ఆ పడవ పాతదీ కాదు, కొద్ది వారాల క్రితమే నీటిలోకి దింపినది. అడుగున నిలిచిన నీరు మరొక శత్రువు. పడవ ఒరిగినప్పుడు ఆ నీరు కూడా ఒరిగిన వైపుకే పరుగెత్తి, మరింత ఒరగదీస్తుంది. అందుచేత పడవ అడుగున నీరు కనిపిస్తే అది తోడేదాకా బయలుదేరనివ్వరాదు.

తూకం తప్పడమంటే ఏమిటో హైదరాబాదు వాసులకు గుర్తుండే ఉంటుంది. 1990 మార్చి 10న హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని తీసుకుపోతున్న బల్లకట్టు ఒరిగి, విగ్రహం నీటిలో పడిపోయి, దానితోపాటు వెళ్ళినవారిలో పలువురు బలైపోయారు. విగ్రహాన్ని 1992 డిసెంబరులో పైకి తీశారు. ఇంజనీర్లు దగ్గరుండి చేయించిన పనిలోనే అటువంటిది జరిగితే, పై అంతస్తులో మైకు పెట్టి అందరి చేత చిందులు వేయించే విహార నౌకల మాట చెప్పేదేమున్నది? పై అంతస్తులో నృత్యాలు ఏర్పాటు చేసే పడవను మన శాఖలు ఎట్టి పరిస్థితిలోను మాట్లాడుకోరాదని మా సూచన.

లైఫ్ జాకెట్ విషయంలో మన వారి నిర్లక్ష్యం ఇంతా అంతా కాదు. ఉక్కపోస్తున్నదని, ఫోటో బాగా రాదని, చీర నలుగుతుందని తీసివేస్తారు. కచ్చులూరు ప్రమాదంలో కూడా కొందరు భోజన సమయానికి జాకెట్లు విప్పి ఉన్నారని పత్రికలలో వచ్చింది. సీటు కింద కట్టగట్టి ఉన్న జాకెట్ మునిగే పడవలో ఎవరికీ అక్కరకు రాదు; తిరగబడటం కొన్ని క్షణాలలో జరిగిపోతుంది. రేవులో నిలబడి ఉండగానే తొడిగి, కట్లన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడాలి. గడ్డం మీదుగా జారివస్తే అది ఆ మనిషికి సరిపోదని అర్థం. పెద్దల జాకెట్ పసివాడికి వేస్తే నీటిలో వాడు కిందికి జారిపోతాడు, జాకెట్ మాత్రం తేలుతుంది. పిల్లల కొలతల జాకెట్లు లేవంటే పిల్లలున్న కుటుంబాలు ఆ పడవ ఎక్కరాదు. ఇందులో మొహమాటానికి తావులేదు.

మునుగుతున్న మనిషి కేకలు వేస్తాడని సినిమాలు చూసి అనుకుంటాము. ఊపిరికే చాలని నోటికి అరుపు ఎక్కడిది? చప్పుడు లేకుండా, తల వెనక్కు వాల్చి, చేతులు నీటి మీద తట్టుతూ ఒక నిమిషంలోపే కిందికి పోవచ్చు. పక్కనే ఉన్నవారికి కూడా తెలియదు. ఎవరైనా నీటిలో పడితే వెంటనే తానూ దూకడం సాహసమే కాని సహాయం కాదు. భయంతో ఉన్నవాడు రక్షించవచ్చినవాడినే పట్టుకొని ముంచుతాడు. గడ అందించాలి, తాడు విసరాలి, అవేవీ లేకపోతే మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను విసిరినా ఒక మనిషి దానిని పట్టుకొని తేలగలడు. పడవ తిరగబడి తేలుతూ ఉంటే దానినే పట్టుకొని ఉండాలి, ఒడ్డు దగ్గరగా కనిపిస్తున్నదని ఈదబోరాదు. కప్పు ఉన్న గదిలో కూర్చున్నవారు బయటికి దారి ఎటో ముందే చూసుకోవాలి. మంటూరు లాంచీ చెప్పిన పాఠమిది.

జలాశయాల దిగువన విహరించేవారికి మరొక మాట. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, లార్జీ జలవిద్యుత్ కేంద్రం నుంచి వదిలిన నీటికి కొట్టుకుపోయారు. వారు పడవ ఎక్కినవారు కారు. కాని ఆకాశం నిర్మలంగా ఉండగానే నది ఒక్కసారిగా పెరగవచ్చునని వారి మరణం వల్ల తెలిసింది. ఆనకట్టకు దిగువన పడవ ఎక్కేముందు, ఆ పూట గేట్లు ఎత్తే అవకాశమున్నదా అని నీటిపారుదల సిబ్బందిని అడిగి తెలుసుకోవలసిన బాధ్యత యాత్ర నిర్వాహకుడిది.

మన వైపు తప్పులు కూడా చెప్పుకోవాలి. పడవవాడిని తొందరపెట్టేది చాలాసార్లు యాత్రికులే. "సాయంత్రం బండికి అందుకోవాలి, త్వరగా తీయవయ్యా" అని ఒకరు, "ఇంకో నలుగురే కదా, సర్దుకుంటాము" అని మరొకరు. సర్దుకోవడం రైలు పెట్టెలో చెల్లుతుంది. జనరల్ బోగీలో నలుగురి సీటులో ఆరుగురు కూర్చుంటే కాళ్ళు నొప్పిపుడతాయి, అంతే. పడవలో ఆ అలవాటు ప్రాణాంతకం. మద్యం సేవించి పడవ ఎక్కేవారి గురించి వేరే చెప్పనక్కరలేదు; అటువంటివారిని గట్టు మీదనే దింపివేయాలి, వారు ఎంత సీనియర్ సభ్యులైనా సరే. చీకటి పడ్డాక పడవ ప్రయాణం వద్దు.

ఈ సంవత్సరం విహారయాత్రలు తలపెట్టిన శాఖలకు మా అభ్యర్థన ఇది. యాత్రకు ఒక బాధ్యుడిని ముందుగా నియమించుకోండి. బండికి గార్డు ఎట్లాగో యాత్రకు ఆయన అట్లా. ఆయన వద్దంటే శాఖా కార్యదర్శి కాదు, డివిజను అధ్యక్షుడు వచ్చి చెప్పినా పడవ కదలరాదు. పడవ మాట్లాడుకునే నాడే యజమానితోను, సరంగుతోను స్పష్టంగా చెప్పండి: గాలివానలు వచ్చినా, నీటి ఉధృతి పెరిగినా ప్రయాణం మానుకుంటాము, మానుకున్నా సిబ్బంది కూలి మేమే ఇస్తాము అని. ఆ మొత్తాన్ని చందాలోనే కలిపి వసూలు చేయండి. నలభై కుటుంబాల మీద పంచితే తలకు పడేది ఒక పూట కాఫీ ఫలహారాల ఖర్చు కూడా ఉండదు. ఆ హామీ ఉన్న సరంగు తనకు తోచినది తోచినట్లు మీకు చెప్పగలుగుతాడు. అతను వెనకాడుతున్నట్లు కనిపిస్తే కారణమడగండి, వినండి, గట్టు మీదనే చెట్టు కింద భోజనాలు కానివ్వండి.

పడవ ఎక్కేముందు పేర్ల జాబితా రెండు ప్రతులు వ్రాయించండి. ఒకటి బాధ్యుడి వద్ద ఉండాలి, రెండవది గట్టు మీద ఉండిపోయే మనిషి చేతిలో ఉండాలి. తిరిగి వచ్చే వేళ అందులో వ్రాసి, ఆ వేళ దాటి అరగంటయితే ఎవరికి ఫోను చేయాలో కూడా వ్రాయండి. పడవవాళ్ళు టిక్కెట్లు లెక్కపెడతారు, మనుషులను కాదు. ఒడిలో కూర్చునే పిల్లలకు టిక్కెట్టు ఉండదు. ఆ పిల్లల పేర్లు కూడా జాబితాలో ఉండాలి.